మూడో మలుపు

దయ్యాల కొంపలో మూడో మలుపు దగ్గర, చీకట్లో, మినెకో గజగజ వణికిపోతోంది.

పొద్దున అన్నం ముద్దలు డబ్బాలో సర్దుతూ పిల్లలకి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "పార్కులో ఏదైనా ఎక్కండి, ఎన్నిసార్లైనా ఎక్కండి. ఆ దయ్యాల కొంప జోలికి మాత్రం పోకండి. తైచి జడుసుకుంటాడు."

పద్దెనిమిదేళ్ల కజుమకి తలకిందులు చేసే బండ్లు కావాలి. పదకొండేళ్ల షిహొకి ఫొటోలు కావాలి. నాలుగేళ్ల తైచికి ఐస్‌క్రీమ్ ఉంటే చాలు. ముగ్గురికీ కుదిరేది ఒక్కటీ దొరకలేదు కాబోలు, చివరికి వద్దన్నదాంట్లోకే వచ్చిపడ్డారు. ఉద్యోగుల కుటుంబాలకిచ్చే పాసులు ఇప్పించింది మినెకోనే. అదే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

"అమ్మ వద్దందిగా, అన్నయ్యా!" షిహొ అతని చొక్కా పట్టుకుని లాగింది.

"అమ్మ మాటకేం లేవే. బొద్దింకను చూసి కుర్చీ ఎక్కే మనిషి!" అన్నాడు కజుమ.

నిజమే. కానీ మినెకో భయమంతా చిన్నాడి గురించే.

ఫిబ్రవరిలో, వేయించిన సోయా గింజలు విసిరి రాక్షసుణ్ణి ఇంట్లోంచి తరిమే పండగనాడు, వాళ్ల నాన్న ఏటా వేసుకునే రాక్షసుడి ముసుగే వేసుకుని గుమ్మంలో గెంతాడు. పెద్దవాళ్లిద్దరూ నవ్వారు. తైచి కొయ్యబారిపోయాడు. కంగారుపడి ఆయన ముసుగు తీసేశాడు. అదే కొంప ముంచింది. నాన్నే రాక్షసుడని వాడి బుర్రలో నాటుకుపోయింది. ఆరు నెలలైనా ఆయన ఒళ్లోకి వెళ్లడు. పక్క గదిలో దగ్గు వినిపించినా ఉలిక్కిపడతాడు.

"ఇక వాడికి నువ్వొక్కదానివే" అన్నాడాయన ఓ రోజు, నవ్వబోయి నవ్వలేక.

పిల్లల అడుగులు దగ్గరపడ్డాయి. పైనుంచి ఏదో తెగిపడ్డట్టు దభేల్మని చప్పుడు. షిహొ కెవ్వున అరిచి పరుగు తీసింది. అంతసేపూ బీరాలు పలికిన కజుమ ఆమెకంటే ముందున్నాడు.

తైచి చెయ్యి జారిపోయింది.

ఎర్రటి గుడ్డిదీపం కింద వాడొక్కడే మిగిలాడు. టోపీ ఓ పక్కకి ఒరిగింది. ఎటు వెళ్లాలో తెలీక ఉన్నచోటే గిర్రున తిరిగాడు.

"అమ్మా..."

రెండు మూరల దూరం. మినెకో ప్రాణం గిలగిల్లాడింది. పలకబోయి, రెండు చేతులతో నోరు మూసేసుకుంది. దేవుడా, పెద్దాడు వెనక్కి రావాలి, ఒక్కసారి వెనక్కి రావాలి.

"అమ్మా!" వెక్కుతున్నాడు వాడు.

ఆమెకీ కన్నీళ్లు ఆగలేదు.

కజుమ రొప్పుతూ వెనక్కొచ్చాడు. తమ్ముణ్ణి లాగి భుజానెత్తుకున్నాడు. "ఏం లేదురా, ఏం లేదు. కళ్లు మూసుకో, పోదాం."

తైచి కళ్లు మూసుకోలేదు. అన్న భుజం మీంచి, తెల్లరంగు పులుముకున్న మినెకో మొహంలోకి సూటిగా చూశాడు. ఏడుపు ఆపేసి, మెల్లిగా అన్నాడు.

"అన్నయ్యా, పాపం, ఈ దయ్యం కూడా ఏడుస్తోంది."