తొమ్మిది వరసల దుప్పటి

“మళ్లీ తప్పావు. విప్పెయ్,” అంది బురుల్.

“ఐదోసారి వదినా! ఈ ఊలు నా చేతుల్లోనే అరిగిపోయేలా ఉంది,” అని గునుస్తూ జిపార్ దారం లాగేసింది. ఆమెకు ఏడో నెల. పొట్ట మీద ఊలుండ పెట్టుకుని, మెట్టినింటి నుంచి పుట్టింటికి వచ్చిన నాలుగు రోజులుగా ఈ మొగ్గల అల్లికతో కుస్తీ పడుతోంది.

“దారం చుట్టు, అదే కన్నంలో గుచ్చు, సగం అల్లి వదిలెయ్. అలా ఐదుసార్లు. ఇప్పుడు సూది మీద ఆరు ఉచ్చులున్నాయా? అన్నింట్లోంచీ ఒకేసారి లాగు.”

“లాగాను. మొగ్గ ఏదీ? చదునుగా ఏడిచింది!”

“తిప్పి చూడు.”

అవతలి వైపు బొద్దుగా మొగ్గ పొంగి ఉంది.

“ఓసి దీని దొంగవేషాలూ! ఇటు అల్లితే అటు పూస్తుందా?”

“అంతే. అల్లేవాళ్ల వైపు కనిపించదు.”

పొయ్యి పక్కన పాలు పోసిన టీ చప్పరిస్తున్న కల్‌బూబు గిన్నె దించింది. బురుల్ అత్తగారామె. “నోళ్లు ఆపి వేళ్లు ఆడించండే. బిడ్డ బడికెళ్లే నాటికైనా అవుతుందా ఆ దుప్పటి?”

“అమ్మా, నువ్వొక్క మొగ్గ అల్లి చూపించు, అప్పుడు మాట్లాడు,” అంది జిపార్. ముసలామె పడీ పడీ నవ్వింది. జిపార్ ఏమన్నా ఆమెకు ముద్దే.

ఇంకో రంగు ఊలు కోసం జిపార్ వదిన పెట్టె తెరిచి, అడుగు నుంచి పసుపుపచ్చని ముక్క ఒకటి లాగింది. తొమ్మిది వరసల మొగ్గలు, అక్కడితో ఆగిపోయాయి.

“ఇదెవరిది వదినా?”

“నాదే. పెళ్లయిన ఏడాది మొదలుపెట్టాను.”

“మరి ఆపేశావేం?”

“కప్పడానికి బిడ్డ నా దగ్గర లేకపోయింది.”

జిపార్ చెయ్యి ఆగిపోయింది. వదినకున్న ఇద్దరు కొడుకులూ తండ్రితో గొర్రెల వెంట కొండ మీదున్నారు. వాళ్లకంటే ముందు ఇంకొకరున్నట్టు ఆమె ఎన్నడూ వినలేదు. “అన్నయ్య కూడా ఎప్పుడూ అనలేదే... ఆడపిల్లా?”

బురుల్ తల ఊపింది. కల్‌బూబు పొయ్యి వైపు తిరిగి కూర్చుంది.

జిపార్ గొంతు తగ్గించింది. “నేను అల్లిక కోసమే రాలేదు వదినా. మా అత్తగారు మొదటి బిడ్డను తనకిచ్చెయ్యమంటున్నారు. తన బిడ్డగానే పెంచుతారట. అది ఆవిడనే అమ్మా అంటుందట. మనవాళ్లలో కొత్తేం కాదనుకో. కానీ నాకు గుండె దడగా ఉంది. బిడ్డను పోగొట్టుకున్నదానివి, నీకే తెలుస్తుంది. ఇవ్వచ్చా? రొట్టె మీద ఒట్టేసి చెప్పు.”

“రొట్టె మీద ఒట్టు ఒకసారి వేశాను. ఇంకోసారి వెయ్యను.”

“పెద్దవాళ్లు అడిగితే కాదంటారా?” అంది కల్‌బూబు పొయ్యి వైపే చూస్తూ. “బిడ్డ ఎక్కడికి పోతుంది? కళ్ల ముందేగా ఉండేది!” మాటలో మునుపటి జోరు లేదు.

ఇరవై ఆరేళ్లలో బురుల్ అత్తగారికి ఎదురు చెప్పింది లేదు.

“ఇవ్వకు,” అంది. “ఎవరలిగినా సరే, ఇవ్వకు.”

ఇంత చిన్న మాట. ఇది అనడానికి ఇన్నేళ్లు పట్టిందా అని ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. ఆవేళే నోరు పెగిలి ఉంటే బాగుండేది. అత్తగారు విరుచుకుపడుతుందేమో అనుకుంది. ముసలామె తలగుడ్డ అంచుతో కళ్లు ఒత్తుకుంది.

జిపార్ బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. పసుపు ముక్కను ఒళ్లోకి తీసుకుంది. “దీన్నే పదో వరస నుంచి అల్లుకోనా? నీ బిడ్డ నొచ్చుకోదుగా?”

“నొచ్చుకోదు.”

“తనే ఉంటే ఇవాళ ఏం చేసేదానివి వదినా?”

“ఈ అల్లిక నేర్పేదాన్ని.”

జిపార్ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. సూది తిప్పింది, ఆరు ఉచ్చులు పడ్డాయి, లాగింది. “చూడు, ఈసారి తప్పలేదు!”

బురుల్ ముక్కను తిప్పి మొగ్గను వేలితో తడిమింది. పాత తొమ్మిది వరసల పక్కన తేడా తెలియడం లేదు. పసితనం నుంచీ అంతే, కాస్త తంటాలు పడినా చెప్పింది చివరికి పట్టేస్తుంది జిపార్.

తన కడుపున పుట్టిన ఆ పిల్లకు ‘వదినా’ అని పిలవడం నేర్పింది కూడా బురులే.