అరుగుదల

“ఈ మూత దీనిది కాదు సార్,” అన్నాడు మెకానిక్.

గడ్డం పెద్దమనిషి ముఖం మాడ్చుకున్నాడు. పాత వాక్యూమ్ క్లీనర్లు పోగేసే పిచ్చి ఊరంతటికీ ఆయనొక్కడికే ఉంది. వాటికి మళ్లీ ప్రాణం పోసే చెయ్యి ఈ మెకానిక్ ఒక్కడికే ఉంది. అందుకే ఎంత కోపమొచ్చినా ఆయన లేచి వెళ్లిపోలేడు.

“ఎలా కాదయ్యా? రంగు అదే. లోపల కంపెనీ నంబరూ అదే.”

“నంబరు నిజమే. మూత కూడా ఒరిజినలే. కాకపోతే వేరే మిషనుది.” మెకానిక్ స్క్రూడ్రైవర్ మొనతో డబ్బా అంచు చూపించాడు. “దుమ్ము సంచి తీసినప్పుడల్లా ఈ క్లిప్పు ఇక్కడ రాసుకుంది. గీత ఎంత లోతుగా పడిందో చూడండి. సరిగ్గా దీని ఎదురుగా మూత మీద కూడా గీత ఉండాలి. ఉందా?”

పెద్దమనిషి కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు. మూత మీదా గీత ఉంది. కానీ వేలెడు పక్కకి ఉంది.

“ఏళ్ల తరబడి కాపురం చేసిన భాగాలు ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి సార్. ఈ మూత ఇంకో డబ్బాతో కాపురం చేసి వచ్చింది. ఎంత అచ్చుగుద్దినట్టున్నా అరుగుదల దగ్గర దొరికిపోతుంది.”

అంటూ స్క్రూ తిప్పబోయాడు. స్క్రూడ్రైవర్ చేతిలో జారి, అరచేతిలోని బొబ్బల మీద గీరుకుంది. “ఛ! వారం నుంచీ ఇదే వరస. పిడికి నూనె అంటినట్టుంది,” అని గుడ్డతో తుడిచాడు.

గుమ్మంలో గ్లాసు చప్పుడైంది. ఇంటి ముందు గదే అతని షాపు. టీ తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగి అంతా వింటోంది. గ్లాసు స్టూలు మీద పెట్టి, అతని మీంచి చూపు తిప్పకుండా, వీపు చూపించకుండా, వెనక్కి అడుగులేసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

మెకానిక్ టీ గ్లాసును దూరంగా జరిపాడు.

వారం కిందట పాత మోటార్లు ఏరుకోవడానికి తను స్క్రాప్ యార్డుకి వెళ్లొచ్చినప్పటి నుంచీ ఆవిడ ఇలాగే ఉంది. ఆ చీకటి షెడ్డులో, ఒకేలా ఉన్న మిషన్ల మధ్య తను ఎంతసేపు ఉండిపోయాడో అతనికే గుర్తు లేదు. ఇంటికొచ్చేసరికి తలుపు తీసింది ఆవిడే. ముఖం అదే, గొంతు అదే. మనిషే ఆ మనిషి కాదు. పెళ్లయినప్పటి నుంచీ కబుర్లతో అతని బుర్ర తినేసే ఇల్లాలు ఇప్పుడు పొడిపొడిగా మాట్లాడుతోంది. హాల్లో లైటు వేసుకుని పడుకుంటోంది. పైగా ప్రశ్నలు. “మన పెళ్లిలో మీ చెల్లెలు ఎందుకు అలిగింది?” “మనం మొదట అద్దెకున్న ఇంట్లో కిటికీ ఏ వైపు ఉండేది?”

అన్నిటికీ అతను టకటకా జవాబు చెప్పాడు. చెప్పాకే అనుమానం మొదలైంది. తెలిసిన మనిషి ఎందుకు అడుగుతుంది? తెలియదు గనకే అడుగుతోంది. అడిగి నేర్చుకుంటోంది.

పెద్దమనిషి మూత చంకన పెట్టుకుని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మెకానిక్ మాత్రం తను అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. అరుగుదల దగ్గర దొరికిపోతుంది.

ఇంట్లో ఒక పాత క్లీనర్ ఉంది. పెళ్లయిన కొత్తలో తనే బాగుచేసి ఆవిడకిచ్చాడు. రోజూ తోసి తోసి, దాని నల్లటి పిడి మీద ఆవిడ బొటనవేలు చిన్న గుంట చేసింది. దాన్ని షాపులోకి ఈడ్చుకొచ్చాడు. వేలు ఆ గుంటలో కుదరకపోతే? అప్పుడు తన ఇల్లాలు ఎక్కడున్నట్టు? తను ఇన్నాళ్లూ ఎవరి చేతి వంట తింటున్నట్టు? తలచుకుంటేనే ఏడుపొచ్చింది.

“ఇలా రా. ఒకసారి ఇది పట్టుకో,” అని పిలిచాడు.

ఆవిడ వచ్చింది. అతన్నీ పిడినీ మార్చి మార్చి చూసింది. ఎందుకని అడగలేదు. చెయ్యి చాచి పట్టుకుంది.

బొటనవేలు గుంటలో, తొనలో గింజలా కూర్చుంది. చూపుడువేలు కూడా రంగు పోయిన మచ్చ మీదే ఆనింది.

మెకానిక్‌కి ప్రాణం లేచొచ్చింది. “ఎంత పిచ్చివాణ్ని! నేనేమనుకున్నానో చెబితే నవ్విపోతావే. నువ్వు నువ్వు కాదేమోనని భయపడి చచ్చాను! నాకే మతి పోయింది.” నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఆవిడ నవ్వలేదు. బల్ల మీది స్క్రూడ్రైవర్ తీసి, తను దూరంగానే ఉండి, చెయ్యి మాత్రం చాచి అతనికి అందించింది. పని నేర్చుకునే రోజుల నుంచీ అతను వాడుతున్నదే అది. చెక్క పిడి వేళ్ల కింద అరిగి అరిగి నొక్కులు పడిపోయింది.

“ఇప్పుడు మీరు పట్టుకోండి.”

“దానికేం భాగ్యం!” అని అందుకున్నాడు.

నొక్కులు వేళ్ల కిందికి రాలేదు. వేళ్ల సందుల్లోకి వచ్చాయి. అటు తిప్పి పట్టుకున్నాడు, ఇటు తిప్పి పట్టుకున్నాడు. చెయ్యి మార్చాడు. ఎలా పట్టుకున్నా అంతే. మళ్లీ మొదటి చేతిలోకి తీసుకుంటే, పిడి మీద అరగని మెట్టలు సరిగ్గా బొబ్బల మీద ఒత్తుకున్నాయి.

అతను తలెత్తాడు. ఆవిడ అప్పటికే గుమ్మం అవతలికి వెళ్లి, తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. వారం రోజులుగా దిగమింగిన ఏడుపు ఇప్పుడు ఆవిడ గొంతులో వణికింది.

“మా ఆయన్ని ఏం చేశావు?”