మీ ముందు ఇదెంత!

"ఎంతమ్మా?" కబాబు పొట్లం అందుకుంటూ అడిగాడు గడ్డిటోపీ ముసలాయన.

"అయ్యో, వద్దండీ. మీ ముందు ఇదెంత!" అంది మహనాజ్ నవ్వుతూ.

"చల్లగా ఉండు తల్లీ!" అని ఆయన పొట్లంతో సహా వెళ్లిపోయాడు.

మహనాజ్ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది.

ఇరాన్‌లో ఆమె పుట్టిన షిరాజ్‌లో కొట్టువాడు వద్దంటాడు, కొన్నవాడు తీసుకోమంటాడు. మళ్లీ వద్దంటాడు, మళ్లీ తీసుకోమంటాడు. మూడోసారికి డబ్బు గల్లాపెట్టెలో పడుతుంది. మర్యాదంటే అది. అమెరికాలో ఈ ప్లేనో సంతలో కూడా మిగతావాళ్లు ఆ మాటను వేళాకోళమనుకుని డబ్బు తీసేవారు. ఈయనొక్కడే నిజమనుకున్నాడు.

గుడారం వెనక ఉల్లిపాయలు తరుగుతున్న భర్త కివాన్ పగలబడి నవ్వాడు.

"బోర్డు మీద పదకొండు డాలర్లని రాసుంది కదా! ఆ మాట అనకపోతే ఏం?"

"నాలుక వింటేగా! నువ్వు నవ్వకు. ఇలా అయితే బండి కొన్నట్టే!"

ఆ బండి మీదే ఆమె ప్రాణం. లోపల పొయ్యిలు, సింకు అన్నీ అమర్చిన పాత ఫుడ్ ట్రక్. కివాన్ ఉద్యోగం కోసం ఇద్దరూ ఈ దేశం వచ్చారు. ఆమెకు పనిచేసే అనుమతి లేక ఏళ్ల తరబడి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంది. చివరికి ఆ అనుమతి కార్డు చేతికొచ్చింది. అప్పు మాత్రం పుట్టలేదు.

"మీ కార్డు గడువు రెండేళ్లు, మీరడిగే అప్పు అయిదేళ్లకు. ఆ తర్వాత మీరెక్కడుంటారో!" అన్నారు ఒక బ్యాంకులో.

"ఈ దేశంలో మీరెప్పుడూ అప్పు చేయలేదు. అందుకే ఇవ్వలేం" అన్నారు ఇంకో బ్యాంకులో.

అప్పు లేకపోవడం కూడా తప్పేనని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఇక మిగిలింది బండి యజమానినే వాయిదాలడగడం. ఆయన తరఫున కూతురు డార్లా ఫోన్లో మాట్లాడేది.

"నాన్నకి వాయిదాలంటే పడదండీ. ఆలోచించుకోనివ్వండి. వేసవి అయ్యేదాకా ఇంకెవరికీ అమ్మనివ్వను, ఆ పూచీ నాది."

మరుసటి శనివారం ముసలాయన మళ్లీ వచ్చాడు. మహనాజ్ పళ్లు బిగించింది. నాలుక జారనే జారింది.

"మీ ముందు ఇదెంత!"

"ఎంత మంచిదానివమ్మా! ఆ కాల్చిన టమాటా ఇంకొకటి వేస్తావా?"

వేసింది.

ఆ తర్వాత ప్రతి శనివారమూ అదే తంతు. తినేవాడు తిని ఊరుకుంటాడా! మాంసం ఎక్కడ కొంటావు, వాన పడితే ఏం చేస్తావు, నీకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు అని పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలా ఆరా తీసేవాడు. ఒకసారి స్నేహితుణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"ఈ అమ్మాయి డబ్బు పుచ్చుకోదురా. మొహమాటపడకు, తిను!"

కివాన్ నవ్వాపుకోలేక గుడారం వెనక్కి పోయాడు. మహనాజ్‌కు ఒళ్లు మండింది.

వేసవి చివరికొచ్చింది. మాంసం ధర పెరిగింది. డార్లా నుంచి కబురు లేదు. ఆ శనివారం టోపీ ఆయనా, స్నేహితుడూ చెరో పొట్లం పట్టుకుని నిలబడ్డారు.

"ఎంతమ్మా?"

"మీ ముందు..."

అక్కడ ఆగింది. గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఇరవై రెండు డాలర్లు."

"ఏంటీ?"

"ఇద్దరికీ కలిపి ఇరవై రెండు. ఇప్పటిదాకా తిన్నవి పోనీండి. ఇకమీదట ఉత్తినే పెట్టలేను. నేను బండి కొనుక్కోవాలి!"

వరుసలో నిలబడ్డవాళ్లంతా తలలు తిప్పి చూశారు. మహనాజ్ చెవులు ఎర్రబడ్డాయి. ముసలాయన ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లాక ఆమెకు ఏడుపొచ్చింది.

"పెద్దాయన పరువు నలుగురిలో తీశాను. మా అమ్మమ్మ వింటే నన్ను గడప తొక్కనివ్వదు."

"అడగందే అమ్మయినా పెట్టదు, మహనాజ్ జాన్. అడిగావు, ఆయన ఇచ్చాడు. అంతేగా!" అన్నాడు కివాన్.

తర్వాతి శనివారం ఆమె ఒక పొట్లం పక్కన పెట్టి ఎదురుచూసింది. ఈసారి నిజంగానే ఉత్తినే ఇద్దామనుకుంది. ఆయన రాలేదు.

అంతలో డార్లా ఫోన్ వచ్చింది.

"బండి మీదేనండీ! నాన్న వాయిదాలకు ఒప్పుకున్నాడు. తాళాలు మెకానిక్ దగ్గర పెట్టి, నాతో ఉండిపోదామని నిన్ననే మా అమరిల్లో ఊరికి వచ్చేశాడు."

మహనాజ్ గరిటె పట్టుకునే ఒక్క గెంతు గెంతింది. తర్వాత అనుమానం వచ్చింది.

"బ్యాంకులే నమ్మలేదు. మొహమైనా చూడకుండా మీ నాన్నగారు నన్నెలా నమ్మారండీ?"

అవతల డార్లా ఫక్కున నవ్వింది.

"చూడకపోవడమేంటండీ! 'అడగడం చేతకాని మనిషికి బండి అరువిస్తే ఆమే మునుగుతుంది, నేనూ మునుగుతా. ఎప్పుడు నోరు విప్పి డబ్బడుగుతుందా అని వేసవంతా ఉత్తినే కబాబులు తింటూ కాచుక్కూర్చున్నా' అంటున్నాడు నాన్న."