మూడు బొమ్మలు

“మీ అమ్మకు గూడ షుగరే గదా. మా అమ్మీ మందు ఆమెకు పోతున్నది. గంతే,” అన్నాడు ఖాజా.

గల్లీలో ఆటో ఆగి ఉంది. భార్య ఫర్హీన్ సూట్‌కేసును అతడు అప్పటికే అందులో పెట్టించాడు.

“అత్తమ్మ పెన్నును నేను ముట్టనే ముట్టలే, మేడమ్,” అంది ఫర్హీన్.

ఇన్సులిన్ పెన్ను కంపెనీ నుంచి ఫిర్యాదు విచారణకు ఉప్పుగూడ వచ్చిన అఖిల ఆ మాట నమ్మలేదు. మందును పరీక్షిస్తే బాగానే ఉందని తేలింది. పెన్నులో లోపం లేదు. అందులోని మందు రోజూ లెక్క ప్రకారమే తగ్గుతోంది. అయినా ఖాజా తల్లి సుగ్రా షుగరు నాలుగు వందల నుంచి దిగలేదు. మరి మందు ఎవరి ఒంట్లోకి పోతున్నట్టు?

“సూది వేసుకోవడం ఎవరైనా చూశారా?”

“పొట్టకు సూది మేడమ్. కొడుకును, నేనెట్ల చూస్త?”

“నన్ను గూడ పరదా లోపలికి రానియ్యరు. ఉర్దూ బడిల ముప్పై ఏండ్లు పంతులమ్మగ చేసిన, నాకు నువ్వు నేర్పుతవా అంటరు,” అంది ఫర్హీన్.

పరదా వెనుక నుంచి సుగ్రా గొంతు వినిపించింది. “పెన్నుతోని వచ్చిన కాగితం మీద బొమ్మలున్నయి. చూసుకుంటనే చేస్తున్న. ఇంక నేర్పేదేంది?”

అఖిల లోలోపల మురిసింది. ఆ బొమ్మలు గీసింది తనే. ఏ భాష వారికైనా తెలియాలని అక్షరం గానీ అంకె గానీ లేకుండా, వరుసగా మూడే బొమ్మలు: డయల్ తిప్పి మోతాదు పెట్టడం, పొట్టకు గుచ్చడం, బటన్ నొక్కడం.

ఫారంలో ‘తప్పు ఎవరిది’ అన్నచోట ఆమె ఫర్హీన్ పేరు రాసింది. సంతకానికి ముందు రోగి చేత ఒకసారి సూది వేయించి చూడాలన్నది కంపెనీ నియమం. ఖాజాను బయటికి పంపి, పరదా తొలగించి లోపలికి వెళ్లింది.

సుగ్రా కళ్లద్దాలు పెట్టుకుని కాగితం పరుచుకుంది. ముందుగా బటన్ నొక్కింది. మందు సన్నని ధారగా గాలిలోకి చిమ్మింది.

“డాక్టర్లు గూడ ముందు గిట్లనే కొడ్తరు గదా,” అంటూ ఖాళీ సూదిని పొట్టకు గుచ్చుకుంది. తీసి, డయల్ తిప్పి, “ఇది రేపటికి,” అంది.

అఖిల ఫర్హీన్ పేరు కొట్టేసి సుగ్రా పేరు రాసింది.

“వరుస తప్పారమ్మా. బొమ్మలు సరిగా చూడలేదు.”

“నాకే చదువు చెప్తవా, బేటీ?” అంటూ సుగ్రా ఆ కాగితం మీద వేలు పెట్టి, ఒక్కొక్క బొమ్మనూ కుడి నుంచి ఎడమకు చదివి చూపించింది.