విద్యార్థుల భోజనం

“ఈ కార్డు ఎవరిది? మీ మనవడిదా?”

గల్లాపెట్టె వెనక నుంచి త్సిల్కా అడిగిన తీరుకు, వరుసలో నిలబడ్డ కుర్రకారు పకపకా నవ్వింది. ట్రే పట్టుకుని ఆమె ఎదుట నిలబడ్డ లూద్విక్‌కు యాభై ఐదు పైనే ఉంటాయి. నెరిసిన జుట్టు, మోచేతుల దగ్గర అతుకులేసిన కోటు. ట్రేలో పుల్ల క్యాబేజీ, చిక్కుడుగింజల సూపు పొగలు కక్కుతోంది.

“నాదేనమ్మా,” అన్నాడతను మెల్లగా.

“ఇది విద్యార్థుల భోజనం పెద్దాయనా! సగం డబ్బు ప్రభుత్వం కడుతుంది. మీకెందుకు కడుతుందట?”

“నేనూ విద్యార్థినే. లాటిన్, మొదటి సంవత్సరం.”

త్సిల్కా కార్డును యంత్రానికి ఆనించింది. పచ్చదీపం వెలిగింది. అంటే అతని పేరు విశ్వవిద్యాలయం జాబితాలో ఉన్నట్టే. ఆమె మొహం కాస్త మాడింది గానీ నోటికి మాత్రం బ్రేకు పడలేదు. ల్యుబ్ల్యానా నగరంలో ఆ పచ్చదీపాన్ని నమ్మేంత అమాయకులెవరు? చదువు ఉచితం కదా అని, ఎవరూ చేరని కోర్సులో పేరు రాయించుకుని, తరగతి గడప తొక్కకుండా సగం ధర భోజనాలు చేసి తిరిగేవాళ్ళు బోలెడుమంది. కాగితం విద్యార్థులని వాళ్ళకు పేరు. ఈ వారమంతా టీవీలో అదే గొడవ. వాళ్ళను సాకుగా చూపించే, ఇక అందరి దగ్గరా ఫీజు వసూలు చేద్దామంటోంది ప్రభుత్వం.

“లాటినా! ఈ వయసులో నేర్చుకుని పోప్ గారికి ఉత్తరాలు రాస్తారా?” అంది. మళ్ళీ నవ్వులు. “మీలాంటి కాగితం విద్యార్థుల మూలంగానే రేపు నా కూతురి నెత్తిన ఫీజు పడబోతోంది. ఫీజు పెట్టిన రోజున దాని చదువుకు నీళ్ళు వదులుకోవాల్సిందే. నా జీతం ఇంటద్దెకే చాలదు.”

“అమ్మా, వెనకాల జనం ఉన్నారు...”

“ఉండనీండి. నా కూతురూ లాటినే, మొదటి సంవత్సరమే. ఇప్పుడే తేల్చేస్తాను. ఊర్షా! ఊర్షా జుపాన్!”

నలుగురికీ వినపడాలని ఇంటిపేరుతో సహా పిలిచింది. ఆ పేరు వినగానే లూద్విక్ చటుక్కున తలెత్తాడు.

కిటికీ దగ్గర తింటున్న ఊర్షా లేచి వచ్చింది. సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది. ఒంటి మీద దుకాణం వాళ్ళ టీషర్టు.

“ఈయన మీ తరగతేనట. ఎప్పుడైనా చూశావా?”

ఊర్షా అతన్ని చూసింది. చెవులు రిక్కించిన వరుసను చూసింది. మెడ దాకా ఎర్రబడింది.

“లేదమ్మా. ఎప్పుడూ చూడలేదు.”

“విన్నారా?”

లూద్విక్ ఆ పిల్ల వంక కాసేపు చూశాడు.

“నిజమేనమ్మా. మీ అమ్మాయి నన్నెప్పుడూ చూడలేదు.”

కార్డు వెనక్కి తీసుకుని, జేబులన్నీ తడుముకుని పూర్తి ధర కట్టాడు. మూల బల్ల దగ్గర తలొంచుకుని కూర్చున్నాడే గానీ చెంచా ముట్టలేదు.

గెలిచింది త్సిల్కాయే. కానీ ఆ గెలుపు గొంతు దిగలేదు. వరుస కరిగిపోయాక సిగ్గు మొదలైంది. ఎంత తప్పు చేసినా వయసులో పెద్దవాడు. నలుగురిలో ఆ ఎగతాళి ఏమిటి? చెవిలో చెబితే పోయేది కదా!

“మరీ ఎక్కువ చేశానంటావా?” అని కూతుర్ని అడిగింది.

“నేను వెళ్తానమ్మా. షాపుకి టైమైంది.”

“నా నోటి మూలంగా నీకు తలవంపులైంది, తెలుసు. ఇదిగో, వేడి సూపు పోశాను. పోనీలే, నువ్వే ఆయనకి ఇచ్చిరా.”

ఊర్షా గిన్నె అందుకోలేదు.

అంతలో తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది, చేతిలో లావుపాటి పుస్తకంతో.

“లూద్విక్ గారూ! నిఘంటువు మళ్ళీ నా క్లాసులోనే మర్చిపోయారు,” అంటూ మూల బల్ల మీద పెట్టింది.

త్సిల్కా ఆ పుస్తకం వంక చూసింది. అయితే ఈయన నిజంగానే చదువుతున్నాడన్నమాట! సిగ్గుతో చచ్చిపోయింది. గిన్నె తెచ్చి అతని ముందు పెట్టి, చేతులు నలుపుకుంది.

“క్షమించండి పెద్దాయనా. నోరు జారాను. తరగతి నిండా జనం కదా, మా పిల్ల మిమ్మల్ని గమనించినట్టు లేదు.”

“పోనీలెండమ్మా. ఇక వదిలేయండి,” అన్నాడతను కంగారుగా.

త్సిల్కా వదల్లేదు. పోయిన పరువు కొంతైనా దక్కించుకోవాలి. జారుకోబోతున్న కూతురి చెయ్యి పట్టి ముందుకు లాగింది.

“మేడమ్, ఇదే మీ ఊర్షా జుపాన్!”

ప్రొఫెసరమ్మ మొహం విప్పారింది. “నువ్వేనా తల్లీ! అక్టోబరు నుంచీ నీ పేరు పిలుస్తూనే ఉన్నాను. గదిలో ఉండేది లూద్విక్ గారొక్కరే. పాపం, మీ ఇరవైమంది తరఫునా రోజూ ఆయనే లేచి, ‘ఒంట్లో బాగాలేదట మేడమ్’ అని చెబుతుంటారు.”