వచ్చే మోడల్

"ఇంకో ఆర్నెల్లు ఆగితే చెవి మిషన్లో కొత్త మోడల్ వస్తుందండీ," అంది చెవులు పరీక్ష చేసే అమ్మాయి.

ఆ మాట మేస్త్రీకి మూడోసారి చెబితేగానీ వినపడలేదు.

లేత్ మిషన్ల మధ్య ముప్ఫై ఏళ్లు నిలబడిన మనిషి. రెండు చెవులూ ఆ రొదకే బలైపోయాయి.

"కొత్తదాంట్లో ఏముంటుంది?"

"చుట్టూ ఉన్న రొద ఆపేసి, మనిషి గొంతు ఒక్కటే వినిపిస్తుందట."

"అలాగైతే ఆగుదాంలే. మాటిమాటికీ కొనే వస్తువా!"

షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. కుర్చీలోంచి లేవడానికి కూడా ఓపిక లేదు. ఎలాగో లేచాడు.

షాపులో గోడవారగా ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నలిగిన చొక్కా, ఒళ్లో నోటుబుక్కు. అప్పట్నుంచీ వీళ్ల మాటలే వింటున్నాడు.

ఆయన లేచి మేస్త్రీ ముఖానికి ఎదురుగా వచ్చాడు. ఒక్కో మాటా విడదీసి పలికాడు.

"ఆగకండి. ఉన్నదే తీసుకోండి. ఇవాళే."

"ఎందుకూ? ఆర్నెల్లలో ఇంతకంటే మంచిది వస్తుంటే?"

"ఇంట్లో మీతో ఎవరు మాట్లాడతారు?"

"మా ఆవిడ."

"ఇప్పటికీ మాట్లాడుతోందా?"

"ఎందుకు మాట్లాడదు? పొద్దున లేచింది మొదలు బుర్ర తినేస్తుంది."

"అయితే ఇవాళే తీసుకోండి," అన్నాడు పెద్దాయన.

మేస్త్రీకి ఒళ్లు మండింది. పాత సరుకు వదిలించుకోవడానికి షాపువాళ్లు కూర్చోబెట్టిన మనిషి అనుకున్నాడు.

"ఈ మాట చెప్పినందుకు వీళ్లు మీకెంతిస్తారేంటి?"

పెద్దాయన వెనక్కి తిరిగాడు. కుర్చీలో కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆర్నెల్లు కాస్తా తొమ్మిదయ్యాయి. తొమ్మిది కాస్తా ఏడాది దాటింది.

ఎప్పుడు వెళ్లినా, "వచ్చే నెలండీ" అనేది ఆ అమ్మాయి.

ఇన్నాళ్లు ఆగినవాళ్లం ఇంకో నెల ఆగలేమా అనుకునేవాడు మేస్త్రీ.

మొదట్లో భార్య గొంతు చించుకుని చెప్పేది.

"రోజూ ఆ గొడవలేంటమ్మా మీ ఇంట్లో?" అని పక్కింటావిడ అడిగింది. ఆ సిగ్గుతో అరవడం మానేసింది.

తర్వాత చెప్పిందే రెండుసార్లు చెప్పేది. రెండోసారికి అందులో సగం తగ్గిపోయేది.

ఆ తర్వాత సైగలు. కంచం చూపిస్తే భోజనం. గడియారం చూపిస్తే షిఫ్టు.

మేస్త్రీకి అదే హాయిగా ఉండేది. పగలంతా నలిగి వచ్చినవాడికి ఇల్లు ప్రశాంతంగా ఉంటే ఇంకేం కావాలి?

ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. వస్తూనే మేస్త్రీ చెవికి నోరు ఆనించాడు.

"అక్కకి పెద్ద గండం తప్పింది బావా!"

"ఏం గండం?"

"అదే, రొమ్ములో గడ్డ. క్యాన్సరేమోనని పరీక్షలు చేశారుగా. కాదని తేలింది." బావమరిది అతని ముఖం చూశాడు. "మీకు తెలీదా?"

మేస్త్రీ భార్య వైపు తిరిగాడు.

"నాకెందుకు చెప్పలేదే?"

ఆమె పెదాలు కదిలాయి. ఆ మాటలు బావమరిదే మళ్లీ చెవిలో చెప్పాల్సి వచ్చింది.

"చెప్పిందట బావా. రెండుసార్లు. సరేసరే, అలాగే కానివ్వు అన్నారట."

ఆసుపత్రికి మూడు వారాలు పక్కింటావిడని తోడు తీసుకుని తిరిగిందట.

మేస్త్రీ భార్య ముఖంలోకి చూశాడు. అందులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

కొత్త మోడల్ ఆ నెలాఖరుకి వచ్చింది. షాపు తలుపు తీసేసరికి మేస్త్రీ మెట్ల మీద ఉన్నాడు.

ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. బస్సు ఇంజను మోత అణిగిపోయి, వెనకసీట్లో గుసగుసలు కూడా వినపడ్డాయి. వీధిలో పిల్లల కీచులాట వినపడింది. పక్కింటావిడ ఫోన్లో చాడీలు చెబుతుంటే గోడ ఇవతలకి పొల్లుపోకుండా వినపడింది.

తమ ఇంట్లోకి అడుగుపెట్టాక మాత్రం ఏమీ వినపడలేదు.

మిషన్ ఆగిపోయిందేమోనని తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏదన్నా మాట్లాడు," అన్నాడు భార్యతో. "ఇప్పుడన్నీ వినపడుతున్నాయి."

ఆమె మడతపెడుతున్న దుప్పటి అలాగే పట్టుకుని అతని వైపు తిరిగింది.

"ఏం మాట్లాడనండీ? అలవాటు తప్పిపోయింది."

ఎంత స్పష్టంగా వినపడిందో ఆ మాట. అలసిపోయిన గొంతు. ఎప్పుడు అంత అలసిపోయిందో అతనికి తెలీదు.

ఆమె దుప్పటి మడత పూర్తిచేసి లోపలికి వెళ్లిపోయింది.

వారం తర్వాత మేస్త్రీ మళ్లీ షాపుకి వెళ్లాడు.

"ఏమండీ, సరిగ్గా పనిచెయ్యడం లేదా?" అంది ఆ అమ్మాయి.

"భేషుగ్గా పనిచేస్తోందమ్మా. నేనొచ్చింది దాని కోసం కాదు. అప్పుడు ఇక్కడ ఒక పెద్దాయన కూర్చునేవాడు చూడు, ఎక్కడుంటాడో చెప్తావా? నోటికొచ్చినట్టు అన్నాను. ఒక్కసారి కలిసి తప్పయిందని చెప్పుకోవాలి."

ఆ అమ్మాయి గోడవారనున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"ఆయన పోయి రెండు నెలలైందండీ."

మేస్త్రీ కూడా అటే చూశాడు.

"పాపం... మీ షాపు మనిషేనా?"

"మా మనిషి కాదండీ. మీలాంటివాళ్ల ఇబ్బందులు విని రాసుకోవడానికి వచ్చి కూర్చునేవారు," అంది ఆ అమ్మాయి. "మీ చెవిలో ఉన్న ఆ కొత్త మోడల్ కోసం పద్నాలుగేళ్లు కష్టపడ్డ ఇంజినీరు ఆయనే."