లాల్‌దర్వాజాలో చాయ్ పందిరి

"చాయ్ తాగితే బాలెంతకు పాలెండిపోతయి. తాగేటోళ్లు తాగుండ్రి. రేపు నన్ను అడగొద్దు," అని కొమురమ్మ పందిరి ముందు నిలబడి అనేసరికి, కప్పులు అందుకున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే వాటిని బల్ల మీద పెట్టేశారు.

ఆనందరావు కంగారుగా ముందుకొచ్చాడు. అతను చాయ్‌పత్తి అమ్మే కంపెనీలో ప్రచారం పని చూస్తాడు. లాల్‌దర్వాజా మగవాళ్లు ఇరానీ హోటళ్లలో చాయ్ తాగుతున్నారు గానీ, ఇళ్లలో పొయ్యి మీదికి అది ఇంకా ఎక్కలేదు. ఎక్కించాలనే ఈ వేడుక తలపెట్టాడు. పందిరి వేయించి, రంగు కాగితాల తోరణాలు కట్టించి, గ్రామఫోను తెప్పించి, ఆడవాళ్లందరికీ ఉచితంగా చాయ్ అని గల్లీ గల్లీలో దండోరా వేయించాడు. సాయంత్రం కంపెనీ దొర స్వయంగా చూడడానికి వస్తున్నాడు. ఖాళీ పందిరి కనబడితే ఉద్యోగం ఉండదు.

కొమురమ్మ బస్తీలో సగం ఇళ్లకు పాలు పోసే మనిషి. పిల్లకు జ్వరమొచ్చినా, బర్రె మేత మానినా ఆమెనే అడుగుతారు. ఆనందరావు దండం పెట్టి, అదంతా ఉత్త భయమని నచ్చజెప్పబోయాడు. ఆమె గొంతు ఇంకా పెంచింది. లొల్లి విని పక్క గల్లీల వాళ్లు కూడా వచ్చి మూగారు.

"మందిని తాగుమంటున్నవు. మీ ఇంట్ల తాగుతరా?" అని నిలదీసింది.

"నా భార్య రోజూ తాగుతది అవ్వా. మాకు చంటిపిల్ల గూడ ఉన్నది."

"అయితే తోల్కరా. అందరం చూస్తం."

ఇంటి ఇల్లాలిని నడిబజారుకు తీసుకురావడమా? ఆనందరావుకు చచ్చేంత సిగ్గేసింది. వేరే దారి లేక శాలిబండలోని ఇంటికి పరుగెత్తి, తల దించుకుని సంగతి చెప్పాడు. కోప్పడుతుందనుకున్న భార్య సుశీల ఒక్క మాటా అడగలేదు. పిల్లకు కాటుక దిద్ది, చంకనెత్తుకుని బయలుదేరింది.

పందిట్లో ఆమె కొమురమ్మ చెంబులోని పాలే అడిగి పోయించుకుంది. అల్లం దంచి వేసి, అందరి ముందూ చాయ్ కాచుకుని తాగింది. బూరెల్లాంటి బుగ్గలతో పిల్ల ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి మారుతూ కేరింతలు కొట్టింది. కొమురమ్మ పిల్ల చేతులు, తొడలు తడిమి చూసి, తనూ ఒక కప్పు అందుకుంది. ఊదుకుంటూ తాగింది.

"ఇంకింత పొయ్ బిడ్డా," అంది.

అంతే, ఆడవాళ్లు కప్పుల కోసం ఎగబడ్డారు. సాయంత్రం వచ్చిన దొరకు పందిట్లోకి దారి దొరకలేదు. గుంపు వెనకే నిలబడి చూసి, ఇలాంటిదే ప్రతి బస్తీలోనూ జరిపించమని ఆనందరావు భుజం తట్టి వెళ్లాడు.

జనం పలచబడ్డాక ఆనందరావు తేలికపడ్డ మనసుతో కొమురమ్మ దగ్గర కూర్చున్నాడు. గ్రామఫోను పాటకు పిల్లను ఆడిస్తున్న సుశీలను చూసి మురిసిపోతూ, "నువ్వు లొల్లి పెట్టుడే మంచిదైంది అవ్వా. లేకుంటే ఇంత మంది వచ్చేటోళ్లు కాదు," అన్నాడు.

కొమురమ్మ ముసిముసిగా నవ్వింది.

"ఉత్తగ తాగితే ఎవ్వలు చూడరు, నువ్వు లొల్లి పెట్టు, నేను పిల్లనెత్తుకొని వస్త అని పోయిన మంగళారం నీ పెండ్లామే వచ్చి చెప్పిపాయె బిడ్డా."